ఆఖరి పది నిమిషాలు

జూన్ 8, ఆదివారం

కొత్త బెల్లు గొంతు నాకు నచ్చలేదు. పాతది పిట్టలా కూసేది. ఇది ఒకసారి 'టింగ్' అని, కాస్త ఆగి 'టాంగ్' అంటుంది. మధ్యలో ఆగడం ఎందుకో. వచ్చినవాడు లోపలికి రావాలా వద్దా అని ఆలోచించుకోవడానికి కాబోలు.

పాత బెల్లు పాడై రెండు నెలలైన మాట నిజమే. అయితే ఏమైంది, తలుపు కొడితే చాలదా? నేను ఇంట్లోనే ఉంటాను కదా. ఆ పిట్ట బెల్లు మా అబ్బాయి గణేశ్ పెట్టించాడు, ఈ అశోక్‌నగర్ ఫ్లాట్‌లోకి వచ్చిన కొత్తలో. దాన్ని విప్పి చెత్తబుట్టలో వేశారు. నేను తీసి తుడిచి నా ట్రంకుపెట్టెలో పెట్టుకున్నాను.

ఎవరు మార్చారని కోడలు మాధురిని అడిగితే, శశాంక్ గారు మార్చారంది. శశాంక్ గారు ఎవరంటే చిక్కడపల్లి లైబ్రరీలో పనిచేసే ఆయనట. మా మనవరాలు సంయుక్త గ్రూప్స్ పరీక్షకి అక్కడే కూర్చుని చదువుతుంది కాబట్టి పరిచయమట. మంచివాడట. పెళ్లి చేసుకోలేదట. ఇకనుంచి మంగళ, గురు, శనివారాలు సాయంత్రం ఇంటికొచ్చి సంయుక్తకి పాఠం చెప్తాడట.

ఒక్క బెల్లు గురించి అడిగితే నా కోడలు ఇంత సమాచారం ఎప్పుడూ ఇవ్వలేదు.

జూన్ 10, మంగళవారం

వచ్చాడు. యాభైకి దగ్గర్లో ఉంటాడు. నడిస్తే చప్పుడు కాదు. నేను బాల్కనీలో మొక్కకి నీళ్లు పోసి వెనక్కి తిరిగేసరికి వీపు వెనకే ఉన్నాడు. "నమస్తే సార్" అన్నాడు, అది కూడా నాకే సరిగా వినపడనంత మెల్లగా. లైబ్రరీలో అందరూ ఇలాగే ఉంటారా అని అడిగితే తల ఊపాడు.

గణేశ్ కుర్చీలో కూర్చున్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు. వాడు పోయినప్పటి నుంచి, అయిదేళ్లుగా ఆ కుర్చీలో నేను కూడా కూర్చోను.

చాయ్ నేనే పెట్టి ఇచ్చాను. చక్కెర బదులు రెండు చెంచాల ఉప్పు వేశాను. మొత్తం తాగి, "బాగుంది సార్" అన్నాడు.

ఉప్పు చాయ్ తాగి బాగుందనే మనిషి తిన్నగా ఉన్న మనిషి కాడు.

జూన్ 14, శనివారం

సంయుక్త సినిమాకి తీసుకుపోయింది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో నేను ముప్పై ఎనిమిదేళ్లు గేటు దగ్గర నిలబడిన టాకీసుకే. ఇప్పుడు గేటు మీద ఏడుకొండలు ఉన్నాడు. వాడికి టార్చి పట్టుకోవడం నేర్పింది నేనే. నన్ను చూసి టికెట్ చింపకుండానే పంపాడు. నేను వెనక్కొచ్చి చింపించుకున్నాను. పద్ధతి పద్ధతే.

సినిమా భయం సినిమా. ఒక ఇల్లు. అందులో ఒక ఆమె, ఆమెకి ముసలి మేనమామ ఒకడు. పాపం ఆ ముసలాయన మంచం దిగడు. మేడమీద గది ఒకడికి కిరాయికి ఇస్తారు. వాడు మాట్లాడడు. వాడు వచ్చినప్పటి నుంచి ఇంట్లో వస్తువులు మాయమవుతాయి. ఆమెకి రావలసిన ఉత్తరాలు రావు. తలుపులకి వాటంతటవే బయట గొళ్లాలు పడతాయి. చూస్తే వాడు మెట్లమీద నిలబడి ఉంటాడు. ఆమెకి పిచ్చెక్కుతుంది. సంయుక్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చిన్నప్పుడు కుక్కని చూస్తే అలా పట్టుకునేది.

ఇంకా పది నిమిషాలు ఉందనగా నేను లేచాను. నేను లేవడం కాదు, కాళ్లు లేచాయి. వాయిద్యం మారుతుంది కదా, ఆ మారడం వినగానే గేటువాడు లేచి పరదా జరిపి, బయటి తలుపుల గడియలు తీయాలి. ఎడమవైపువి రెండూ తీసేశాను. ఏడుకొండలు నవ్వి, అన్నా నీకు డ్యూటీ లేదన్నాడు. ఇద్దరం బయట చాయ్ తాగాం.

నేను మొత్తంగా చూసిన సినిమా ఒక్కటి కూడా లేదు. మొదట్లో టికెట్లు చింపుతూ ఉంటాను, ఆఖర్లో తలుపులు తీస్తూ ఉంటాను. మధ్యలోది చూస్తే చాలు, మిగతాది తెలిసిపోతుంది. చేసిందంతా ఆ మేడమీదివాడే.

ఇంటికొచ్చేసరికి శశాంక్ మెట్లమీద నిలబడి ఉన్నాడు. పాఠం చెప్పడానికి వచ్చాడట. మేం లేమని తాళం చూసి ఆగాడట.

జూన్ 15, ఆదివారం

డ్రైక్లీనింగ్ షాపు అతనికి, టిఫిన్ సెంటర్‌లో దోశెలు పోసే అతనికి, కింది ఫ్లాట్ సంజనమ్మకి సినిమా కథ మొత్తం చెప్పాను, ఎవరు చేశారో దానితో సహా. సంజనమ్మ రేపటికి టికెట్ తీసుకుందట. మొహం ఇంత చేసుకుంది. చాలా రోజులకి హాయిగా నవ్వుకున్నాను.

జూన్ 17, మంగళవారం

స్నానాలగదిలో కుళాయి కారడం లేదు. ఏళ్లుగా కారేది. ఆ చప్పుడు వింటూ నిద్రపోయేవాణ్ణి. ఎవరు బాగుచేయమన్నారు?

జూన్ 19, గురువారం

మాధురి నవ్వింది.

నేను పరదా వెనక ఉన్నాను, పని ఉండి. ఏం పని అంటే, అక్కడ కిటికీ ఉంది. ఆయన ఏదో మెల్లగా అన్నాడు, ఆమె నవ్వింది. ముందు ఎవరి నవ్వో అనుకున్నాను. నేను రోజూ ఆమెని నవ్విస్తూనే ఉంటాను కదా. నా జోకులకి ఆమె "ఊరుకోండి మామా" అంటుంది. అది కూడా నవ్వే.

పరదా పక్కకి జరిగింది. ఆయన నన్ను చూసి ఏమీ అనకుండా పరదా మళ్లీ మామూలుగా సర్దాడు.

జూన్ 21, శనివారం



సాయంత్రం బాల్కనీలో కూర్చున్నాను. సందు మొదట్లో స్కూటర్ చప్పుడు. గణేశ్ స్కూటర్. గేరు మార్చేటప్పుడు ఒక దగ్గు దగ్గుతుంది, ఆ దగ్గు లోకంలో ఇంకే బండికీ లేదు. నేను లేచాను. చెప్పులు కూడా వేసుకోలేదు. మాధురితో, చాయ్‌కి నీళ్లు పెట్టు, వాడొచ్చాడు అన్నాను. అవును, నోటితోనే అన్నాను.

కిందకి చూస్తే హెల్మెట్ గణేశ్‌దే. అది తీశాక శశాంక్.

అయిదేళ్లుగా సెల్లార్‌లో కవరు కప్పి ఉంది ఆ బండి. వారానికోసారి కవరు మీద దుమ్ము నేనే దులుపుతాను. తాళం మాధురి బీరువాలో ఉంటుంది. ఆయన చేతికి ఎలా వచ్చింది?

పైకి చూసి చెయ్యి ఊపాడు. నేను లోపలికొచ్చి తలుపు గొళ్లెం పెట్టుకున్నాను.

జూన్ 22, ఆదివారం

మాధురి వచ్చి నా మంచం చివర కూర్చుంది. ఎప్పుడూ కూర్చోదు, నిలబడే మాట్లాడుతుంది. సంయుక్త గుమ్మంలో నిలబడింది. దానికి ముందే తెలుసని మొహంలోనే కనపడింది. కుళాయికి కూడా తెలిసే ఉంటుంది. తెలియనిది నాకొక్కడికే.

"మామా, నేను శశాంక్ గారిని పెండ్లి చేసుకుందామనుకుంటున్న. మీరు వద్దంటే చేసుకోను. మళ్ల ఆ మాట ఎత్తను గూడ."

"మరి నన్నెవరికిచ్చి చేస్తున్నరు?" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. రెండు మూడు రోజుల్లో చెప్తానన్నాను.

ఎవరూ ఎక్కడికీ పోవడం లేదనీ, ఆయనే ఈ ఇంటికొచ్చి ఉంటాడనీ సంయుక్త తరవాత నా చెవిలో చెప్పింది. అందుకే భయం. మేడమీదివాడు కూడా ఇలాగే వచ్చాడు.

ఇంతకీ ఆయన నాకేమవుతాడు? కొడుకు కాదు. అల్లుడు కాదు. కోడలి మొగుడు, అందులోనూ నా కొడుకు కానివాడు. దానికి మాట ఉందేమోనని సాయంత్రం దాకా ఆలోచించాను. లేదు. అయిదో తరగతి దాకా చదివాను కాబట్టి నాకు తెలియదేమో.

జూన్ 24, మంగళవారం

చిన్న తమాషా చేశాను.

మాధురి నారాయణగూడ మార్కెట్‌కి పోయింది. సంయుక్త తలస్నానం చేస్తోంది. టింగ్. టాంగ్. నేనే తలుపు తీశాను, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"మాధురి నిన్ను రావొద్దంటున్నది. మొఖం మీద చెప్పనీకి చాతగాక నాతోటి చెప్పిస్తున్నది" అన్నాను.

ఎదురు అడుగుతాడనుకున్నాను. అడిగితే నవ్వేసి లోపలికి రమ్మనేవాణ్ణి. ఆయన కాసేపు నా మొహం చూసి, "సరే సార్" అన్నాడు. జేబులోంచి స్కూటర్ తాళం తీసి చెప్పుల స్టాండ్ మీద పెట్టి వెళ్లిపోయాడు. మెట్లు దిగుతుంటే చప్పుడే లేదు.

గురువారం వస్తాడు కదా, అప్పుడు చెప్తాను తమాషా అని.

జూన్ 26, గురువారం

రాలేదు.

జూన్ 28, శనివారం

రాలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. ముందు ఎలా ఉండేదో అలా ఉంది.

జూన్ 29, ఆదివారం

ఆయన మాధురి ఫోన్ ఎత్తడం లేదట. లైబ్రరీలో సంయుక్త అడిగితే పని ఉందని తప్పించుకుంటున్నాడట. మాధురి ఏమీ అనడం లేదు. వండుతుంది, వడ్డిస్తుంది, స్టవ్ తుడిచిందే తుడుస్తుంది. మధ్యాహ్నం మాత్రం ఒకసారి, ఆయనొచ్చినప్పుడు మీరేమన్న అన్నరా మామా అని అడిగింది. నేనేమంటాను, ఉప్పు చాయ్ ఇచ్చింది తప్ప ఇంకేం చేయలేదని చెప్పాను. అది అబద్ధం కాదు. ఉప్పు చాయ్ ఇచ్చిన మాట నిజమే కదా.

తల్లీకూతుళ్లిద్దరూ బయటికి పోయాక నేను గుమ్మం బయట నిలబడి బెల్లు నొక్కాను. పనిచేస్తోంది. ఇంకోసారి నొక్కాను. లోపల ఎవరూ లేరు కాబట్టి ఎవరూ తీయలేదు.

జూన్ 30, సోమవారం

డ్రైక్లీనింగ్ షాపు అతను సినిమా చూసొచ్చాడట. నన్ను తలుచుకుని పడీ పడీ నవ్వాడట. సంయుక్త వచ్చి చెప్పింది.

"తాతా, ఊరందరికి తప్పు కథ చెప్పినవ్. కిరాయికొచ్చినాయన ఏం చెయ్యలే. చేసిందంత ఆ ముసలోడు."

మంచం దిగని మనిషి ఎలా చేస్తాడన్నాను. దిగుతాడు, ఆమె చూడనప్పుడు దిగుతాడు అంది. అయితే సినిమా తీసినవాళ్లకే తెలియదన్నాను.

మాధురి అక్కడే బట్టలు మడతపెడుతోంది. ఇద్దరం ఆమె నవ్వుతుందేమోనని చూశాం.

జూలై 1, మంగళవారం

టాకీసుకి పోయాను. ఆ సినిమాకి ఇప్పుడు ఉదయం ఆట ఒక్కటే మిగిలింది. లోపలికొద్దు, ఆఖరి పది నిమిషాలు పరదా దగ్గర నిలబడతాను అన్నాను. ఏడుకొండలు ఒకలాగా చూసి సరే అన్నాడు.

చూశాను.

ముసలాడు మంచం దిగాడు. మంచం కింద నుంచి ట్రంకుపెట్టె లాగాడు. అందులో ఉన్నాయి అన్నీ. ఆమె ఉత్తరాలు, ఆమె గాజులు, తాళంచెవులు. ఆమెని లోపల పెట్టి గొళ్లెం వేసిందీ వాడే. ఆ మేడమీదివాడు ఇన్నాళ్లూ మెట్లమీద నిలబడింది వేసిన గొళ్లాలు తీయడానికి. ముసలాడు ఆమెతో అంటాడు, నువ్వు పోతే నాకెవరున్నారే, అందుకే కదా అని. ఏడుస్తూ అంటాడు. ముందు వరసల్లో కుర్రాళ్లు వాణ్ణి చంపమని అరిచారు.

నేను పరదా పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"అన్నా, జనం వస్తున్రు. తలుపు తియ్యి" అన్నాడు ఏడుకొండలు.

గడియ నా చేతికి దొరకలేదు. ముప్పై ఎనిమిదేళ్లు తీసిన గడియ. వాడే వచ్చి తీశాడు.

గణేశ్ దగ్గర కూడా అంతే చేశాను. ఆస్పత్రిలో ఆ మిషన్ చప్పుడు మారింది. నేను లేచి చాయ్ తాగడానికి బయటికి పోయాను. వెనక్కొచ్చేసరికి అయిపోయింది. మాధురి ఒక్కతే ఉంది లోపల. ఎక్కడికి పోయారని ఆమె ఇవాళ్టి దాకా అడగలేదు.

జూలై 2, బుధవారం

మాధురి అన్నం తినలేదు. నేను తిన్నాను.

జూలై 3, గురువారం

లైబ్రరీకి పోయాను. ఇన్నేళ్లు చిక్కడపల్లి చుట్టూ తిరిగాను కానీ లోపలికి ఎప్పుడూ పోలేదు. వందమంది పిల్లలు తలలు వంచుకుని చదువుతున్నారు. టాకీసులో కూడా ఇంత నిశ్శబ్దం చూడలేదు. ఆయన ఒక మూల బీరువా దగ్గర పుస్తకాలు సర్దుతున్నాడు. గడ్డం పెరిగింది.

మెల్లగా మాట్లాడటం నాకు చేతకాదు. బాల్కనీ టికెట్ల వాళ్లకి కింద నుంచి కేకేసిన గొంతు ఇది.

"మాధురి గట్ల అనలే. నేనే అన్న. అబద్ధం చెప్పిన."

పిల్లలందరూ తలలెత్తారు. సంయుక్త కూడా వాళ్లలో ఉంది. నేను చూసుకోలేదు.

ఆయన నా మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. ఎదురుగా బండి దగ్గర రెండు చాయ్‌లు చెప్పాడు. తిడతాడని చూశాను. ఒక గ్లాసు నా చేతిలో పెట్టాడు.

"ఆమెను అడగాల్సుండె సార్. భయమైంది. నిజంగ ఆమె నోటెంబడి వింటే ఎట్ల అని."

మరి స్కూటర్ ఎందుకు తీశావని అడిగాను. ఆ ఒక్కటి మాత్రం నిలదీసే అడిగాను. ఆయన గ్లాసులోకి చూస్తూ చెప్పాడు, తాళం మాధురే ఇచ్చిందట. మామ వారం వారం కింద ఆ బండి పక్కన నిలబడి వస్తాడు, ఒక్కసారి దాని చప్పుడు వినిపిద్దాం, సంబరపడతాడు అందట. నాకు తెలియకుండా మెకానిక్‌ని సెల్లార్‌కే రప్పించి బాగుచేయించడానికి నెల పట్టిందట.

చాయ్‌లో చక్కెర ఉందో ఉప్పుందో నాకు తెలియలేదు.

అదే రోజు, సాయంత్రం

మాధురితో నేనే చెప్పాను, సంయుక్త చెప్పకముందే. ఆమె స్టవ్ ఆపేసి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"నవ్వులాటకు చేసిన్రా మామా, కావాలని చేసిన్రా?"

నవ్వులాటకే అనడానికి నోరు తెరిచాను. డైరీలో కూడా అలాగే రాసుకున్నాను, పైన ఉంది.

"కావాలని చేసిన" అన్నాను.

ఆమె లోపలికి పోయి తలుపు వేసుకుంది. గొళ్లెం పెట్టిన చప్పుడు వినపడింది. బయట నుంచి కాదు, లోపల నుంచి. అదొక్కటే నయం.

జూలై 5, శనివారం

మాధురి నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడుతోంది.

ట్రంకుపెట్టె తీశాను. పిట్ట బెల్లు తీసి బల్లమీద పెట్టాను. గణేశ్‌వి ఇంకొన్ని ఉన్నాయి, మాధురి వెతికి వెతికి వదిలేసినవి. వాడి కళ్లజోడు, ఆమెకి వాడు రాసిన రెండు ఉత్తరాలు. నేను చదవలేదు. చదివాను. అన్నీ బల్లమీద పెట్టాను.

సాయంత్రం చూస్తే ఉత్తరాలూ కళ్లజోడూ లేవు. బెల్లు మాత్రం ఉంది.

జూలై 6, ఆదివారం

"నేనెక్కడికి పోతనని అనుకున్నరు?" అంది మాధురి, సాంబారు పోస్తూ.

నేను చాలన్నాను. ఆమె ఇంకో గరిటె పోసింది. నాకు సాంబారు ఇష్టం లేదని ఆమెకి తెలుసు. మొత్తం తాగాను. బాగుందన్నాను.

అప్పుడు చెప్పింది, ఆయనతో మాట్లాడిందట. వచ్చే నెల రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి. ఆమె పుట్టింటివాళ్లంటూ ఎవరూ మిగల్లేదు. "నా దిక్కు మీరే నిలబడాలె" అంది. అడిగినట్టు అనలేదు. రేపు పాలు తెమ్మన్నట్టు అంది.

సంయుక్త వెంటనే లెక్క తేల్చింది. అమ్మ తరఫున నిలబడితే అమ్మ నీకు బిడ్డ, అప్పుడాయన నీకు అల్లుడు, అల్లుడికి కాళ్లు కడగాలె తాతా అంది. ముందు ఆయన సాక్సులు ఉతికిస్తేనే కడుగుతానన్నాను.

మాధురి వంటింట్లోకి పోయి నవ్వింది. నాకు కనపడకూడదని పోయింది. వినపడింది.

జూలై 8, మంగళవారం

ఆయన ఇవాళ మళ్లీ వచ్చాడు. ఇంకా సార్ అనే అంటున్నాడని నిన్న ఫోన్‌లోనే తేలిపోయింది. పిట్ట బెల్లు బాగుచేస్తావా అని అడిగితే, చూస్తాను సార్ అన్నాడు. అల్లుడు సార్ అనడం ఎక్కడైనా ఉందా?

మాధురీ సంయుక్తా చీర కొనడానికి పోయారు. నేను తలుపు వెనకే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. గణేశ్ కుర్చీ. అది తప్ప దగ్గర్లో ఇంకోటి లేదు.

ఆయన వచ్చినట్టు చప్పుడు కాలేదు. తలుపు కింద సందులో నీడ కనపడింది. బెల్లు నొక్కినట్టున్నాడు. టింగూ లేదు, టాంగూ లేదు. మళ్లీ నొక్కినట్టున్నాడు. తరవాత వేలితో రెండుసార్లు తట్టాడు, పుస్తకం మీద దుమ్ము దులిపినట్టు. నేను కదల్లేదు. "సార్" అన్నాడు. కదల్లేదు. ఇంకోసారి "సార్" అన్నాడు, కొంచెం కంగారుగా. లోపల ముసలాడికేమైనా అయిందేమో అనుకుని ఉంటాడు. జాలేసింది. అయినా కదల్లేదు.

అప్పుడు అరిచాడు. లైబ్రరీ మనిషి అలా అరుస్తాడని నేననుకోలేదు.

"మామా, తలుపు తియ్యిండ్రి."

కింది ఫ్లాట్‌లో సంజనమ్మ తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

నేను వెంటనే తీయలేదు. ఇంకోసారి అంటాడేమోనని ఆగాను. అన్నాడు.

లోపలికొచ్చి చెమట తుడుచుకుని, ముందు కొత్త బెల్లు డబ్బా విప్పి చూశాడు. అందులో సెల్లు రెండూ లేవు. నా వైపు చూశాడు. ఎలకలు బాగా ఎక్కువయ్యాయి అన్నాను. ఆయన తల ఊపి, కొత్తవి తెస్తానన్నాడు. వద్దన్నాను.

సెల్లు నేనే తీశాను. నా దిండు కింద ఉన్నాయి. ఆయన మళ్లీ గురువారం వస్తాడు, శనివారం వస్తాడు. మామా అనడం అలవాటయ్యేదాకా అవి అక్కడే ఉంటాయి.